సవరించిన కర్బన నానోపదార్థాల ఉపరితల రసాయన విశ్లేషణ

సవరించిన కర్బన నానోపదార్థాల ఉపరితల రసాయన విశ్లేషణ అనగా రసాయన చర్యల ద్వారా మార్పు చేసిన కర్బన నానోనాళికలు, గ్రాఫీన్ మొదలైన పదార్థాల పైతలంలో ఏయే పరమాణువులు, ఏయే ప్రమేయ సమూహాలు, ఎంత మోతాదులో, ఏ విధమైన బంధంతో ఉన్నాయో నిర్ణయించే విద్య. ఈ పదార్థాలను విద్యుత్ ఘటాలలో, సంవేదకాలలో, ఔషధ వాహకాలలో, నీటి శుద్ధిలో ఉపయోగిస్తారు. తెలుగు ప్రాంతానికి వీటిలో మిక్కిలి దగ్గరి విషయం నీటి శుద్ధి. అందులోనూ నల్గొండ ప్రాంత భూగర్భ జలాల నుండి ఫ్లోరైడును తొలగించడం. ఈ వ్యాసం ఆ ఉదాహరణను ఆధారంగా చేసుకొని విశ్లేషణ పద్ధతులను వివరిస్తుంది. ఉత్తి కర్బనం ఫ్లోరైడును దాదాపుగా పట్టుకోదు; పట్టుకొనేది దాని తలంపై చేసిన సవరణ. ఆ సవరణ నిజంగా జరిగిందా, నీటిలో నిలిచి ఉంటుందా అన్నది విశ్లేషణ మాత్రమే చెప్పగలదు.

నేపథ్యం

పూర్వపు నల్గొండ జిల్లా నేలలో అధిక భాగం గ్రానైటు, నైస్ శిలలతో ఏర్పడినది. ఉత్తరాన తిరుమలగిరి (ఇది 2016 అక్టోబరు 11 నుండి సూర్యాపేట జిల్లాలో ఉన్నది) మొదలుకొని నైరుతిన దేవరకొండ వరకు కనిపించే ఎగుడుదిగుడు రాతి భూములు ఈ శిలలవే. వీటిలోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ ఖనిజాల నుండి ఫ్లోరైడు అయాను నెమ్మదిగా నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం తక్కువగాను, బైకార్బొనేట్ ఎక్కువగాను ఉన్నచోట ఈ కరుగుదల అధికం. కాల్షియం సమృద్ధిగా ఉంటే అది ఫ్లోరైడుతో కలిసి కరగని కాల్షియం ఫ్లోరైడుగా అడుగుకు చేరుతుంది. ఫ్లోరైడు నీటికి రంగు, రుచి, వాసన ఉండవు కనుక త్రాగేవారికి దాని ఉనికి తెలియదు.

దక్షిణ భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా నుండి షార్ట్, ఆయన సహచరులు వైద్య పత్రికలో ప్రకటించారు. నల్గొండ జిల్లా వ్యాధిపై సిద్దిఖీ వ్రాసిన పరిశోధన పత్రం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. చిన్నపిల్లల పళ్ళపై గోధుమరంగు చారలు పడడం మొదటి గుర్తు. దీర్ఘకాలం త్రాగినవారికి కీళ్ళు బిగుసుకొని, వెన్ను వంగి, కాళ్ళు వంకర తిరుగుతాయి. ముదిరిన వ్యాధికి చికిత్స లేదు, నివారణ ఒక్కటే మార్గం. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి మండలాలు దీని వలన తీవ్రంగా నష్టపోయినవి.

భారతీయ ప్రమాణాల సంస్థ త్రాగునీటిలో ఫ్లోరైడుకు లీటరుకు 1.0 మి.గ్రా.ను అంగీకారయోగ్యమైన హద్దుగా, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మి.గ్రా.ను అనుమతించదగిన హద్దుగా నిర్ణయించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ కూడా 1.5 మి.గ్రా.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970 దశకంలో రూపొందించిన ఫ్లోరైడు తొలగింపు విధానానికి ఈ జిల్లా పేరే పెట్టి ‘నల్గొండ పద్ధతి’ అన్నారు. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరనిచ్చి, వడకట్టడం ఇందులోని క్రమం. ఇది చౌక అయినప్పటికీ పటిక మోతాదు తప్పితే నీటిలో అల్యూమినియం మిగిలిపోతుంది. పైగా మడ్డి చాలా చేరుతుంది. నీటిలో పొడి కలిపే బదులు, ఒక స్తంభంలో నింపిన పదార్థం గుండా నీటిని పంపి ఫ్లోరైడును దానికే అంటుకొనేలా చేయడం రెండవ మార్గం. దీనిని అధిశోషణం అంటారు. కర్బన పదార్థాల ప్రసక్తి ఇక్కడే వస్తుంది.

ఉత్తి కర్బనం చాలకపోవుటకు కారణం

బొగ్గు రంగులను, వాసనలను చక్కగా పీల్చుకొంటుంది. బెల్లం పాకం తేటపడడానికి, నీటి దుర్వాసన పోవడానికి బొగ్గును వాడడం అందరికీ తెలిసినదే. రంగు, వాసన ఇచ్చే పదార్థాలు అధికంగా పెద్ద సేంద్రియ అణువులు. అవి నీటికంటె కర్బన తలాన్నే ఎక్కువగా ఇష్టపడతాయి. ఫ్లోరైడు అయాను స్వభావం ఇందుకు పూర్తిగా విరుద్ధం. అది చిన్నది, ఋణావేశం కలది, తన చుట్టూ నీటి అణువులను గట్టిగా పట్టుకొని ఉంటుంది. ధ్రువత్వం లేని కర్బన తలం కొరకు ఆ నీటి తొడుగును వదులుకోవడానికి దానికి ఏ లాభమూ లేదు.

1934లో మెక్కీ, జాన్‌స్టన్ అనువారు ఉత్తేజిత కర్బనంతో చేసిన ప్రయోగాలలో నీటి పి.హెచ్. విలువ 3 లేదా అంతకంటె తక్కువ ఉన్నప్పుడే మంచి ఫలితం కనిపించినది. అంత పుల్లని నీరు త్రాగడానికి పనికిరాదు. భూగర్భ జలాల పి.హెచ్. సాధారణంగా 7 నుండి 8.5 వరకు ఉంటుంది. అంటే బావి నీటిని ముందుగా ఆమ్లంగా మార్చి, శుద్ధి చేసి, తిరిగి తటస్థం చేయాలి. పల్లెలో ఇది జరిగే పని కాదు.

తొలి సవరణలు

నానోపదార్థాలు రాకముందే భారతదేశంలో కర్బన తలాన్ని ఫ్లోరైడు కొరకు సవరించారు. ఈ చరిత్రను నేటి పరిశోధన పత్రాలు అంతగా తలచుకోకపోవడం విచారకరం. 1951లో వెంకటరామనన్, సహచరులు వడ్ల ఊకను బొగ్గు చేసి, 1 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌తో ఉడికించి, 2 శాతం పటిక ద్రావణంలో రాత్రంతా నానబెట్టారు. ఇట్లు తయారైన ఒక కిలో పదార్థం 320 మి.గ్రా. ఫ్లోరైడును తీసివేసినది. అన్నిటికంటె ముఖ్యమైన విషయం, అది పి.హెచ్. 7 వద్ద ఉత్తమంగా పనిచేసినది. సారం తగ్గిన తర్వాత మళ్ళీ పటిక ద్రావణంలో నానబెడితే తిరిగి పనికివచ్చేది.

దీని అర్థం ఒక లెక్కతో తేలుతుంది. ఒక కుటుంబం త్రాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు వాడుతుందని, ఆ నీటిలో లీటరుకు 4 మి.గ్రా. ఫ్లోరైడు ఉన్నదని అనుకొందాం. దానిని 1 మి.గ్రా.కు తేవాలంటే రోజుకు 60 మి.గ్రా. తొలగించాలి. కిలో ఊక బొగ్గు అయిదు రోజులకు కొంచెం మించి పనిచేస్తుంది.

నీరి సంస్థ తరువాత గంధకామ్లంతో చర్య జరిపిన రంపపు పొట్టును పటికలో నానబెట్టి డిఫ్లోరాన్-1 అను పదార్థాన్ని, 1968లో గంధకామ్లంతో చర్య జరిపిన రాక్షసి బొగ్గు ఆధారంగా డిఫ్లోరాన్-2 అను పదార్థాన్ని తయారుచేసినది. గంధకామ్లం కర్బన తలంపై సల్ఫోనిక్ సమూహాలను ఏర్పరుస్తుంది. ఆ సమూహాలు ధనావేశం గల అల్యూమినియం అయానును పట్టి ఉంచుతాయి. అల్యూమినియం ఫ్లోరైడును పట్టుకొంటుంది. మూడు మెట్లుగా జరిగే ఈ ఏర్పాటే నేటి నానోపదార్థాలకు కూడా మాతృక.

కర్బన నానోపదార్థాలు

ఒక దిశలోనైనా 100 నానోమీటర్ల లోపు కొలత గల కర్బన రూపాలను కర్బన నానోపదార్థాలు అంటారు. నానోమీటరు అనగా మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. 1985లో క్రోటో, స్మాలీ, కర్ల్ ఫుల్లరీన్‌ను కనుగొన్నారు. 1991లో సుమియో ఇజిమా కర్బన నానోనాళికల నిర్మాణాన్ని వివరించిన పత్రం వెలువడినది. 2004లో గైమ్, నొవొసెలోవ్ గ్రాఫీన్‌ను వేరుచేసి చూపారు. గ్రాఫీన్ ఒకే ఒక పరమాణువు మందం గల కర్బన పొర. దానిని గొట్టంగా చుట్టినట్లు ఉండేది నానోనాళిక.

వీటి విశేషం ఉపరితల వైశాల్యం. ఒక గ్రాము ఏకపొర నానోనాళికల బయటి తలం సిద్ధాంతరీత్యా సుమారు 1,315 చదరపు మీటర్లు, అనగా దాదాపు 13 గుంటల నేల. గ్రాఫీన్‌కు రెండు ముఖాలూ కలిపి సుమారు 2,630 చదరపు మీటర్లు. వాస్తవంలో పొరలు ఒకదానికొకటి అంటుకొనిపోవడం వలన ఇంత వైశాల్యం లభించదు. వైశాల్యం ఎంత ఉన్నా తలం స్వభావం మారకపోతే పైన చెప్పిన ఇబ్బంది తొలగదు.

2001లో చైనాకు చెందిన లీ, సహచరులు నానోనాళికలపై స్ఫటిక రూపం లేని అల్యూమినాను నిలిపి ప్రయోగం చేశారు. నీటిలో సమతాస్థితి వద్ద ఫ్లోరైడు లీటరుకు 12 మి.గ్రా. ఉన్నప్పుడు ఈ పదార్థపు సామర్థ్యం వారు పోల్చిన ఉత్తేజిత కర్బనానికి 13.5 రెట్లు, గామా అల్యూమినాకు 4 రెట్లు ఉన్నది. పి.హెచ్. 5 నుండి 9 వరకు ఇది బాగా పనిచేసినది. అయితే 12 మి.గ్రా. వద్ద కొలిచిన సామర్థ్యం 1 మి.గ్రా. వద్ద లభించదని విద్యార్థులు గమనించాలి. నీటిలో ఫ్లోరైడు తగ్గినకొద్దీ పదార్థం పట్టుకొనే మోతాదు కూడా తగ్గుతుంది. త్రాగునీటికి కావలసినది ఆ చివరి మిల్లీగ్రాము దగ్గరి విలువ.

ఉపరితల సవరణ

సర్వసాధారణమైన మొదటి మెట్టు ఆక్సీకరణం. గాఢ నత్రికామ్లంలో గాని, మూడు వంతుల గాఢ గంధకామ్లం, ఒక వంతు గాఢ నత్రికామ్లం కలిపిన మిశ్రమంలో గాని నానోనాళికలను వేడిచేస్తే గొట్టాల చివరలు తెరచుకొని, లోపాలున్న చోట్ల కార్బాక్సిల్, ఫినాల్, కార్బొనిల్ సమూహాలు మొలుస్తాయి. గ్రాఫైటు నుండి గ్రాఫీన్ ఆక్సైడ్ చేయుటకు 1958 నాటి హమ్మర్స్ పద్ధతి ప్రసిద్ధం. ఇట్లు ఆక్సీకరించిన పదార్థాన్ని అల్యూమినియం లవణపు ద్రావణంలో ఉంచి, పి.హెచ్. పెంచి, అల్యూమినియం హైడ్రాక్సైడ్‌ను తలంపై దించుతారు. జిర్కోనియం, లాంథనం, మెగ్నీషియం ఆక్సైడ్లను కూడా ఇదే విధంగా వాడతారు.

ఆక్సీకరణం ఒక్కటే చేసి ఆపివేస్తే ఫ్లోరైడు విషయంలో మేలుకంటె కీడు ఎక్కువ. కార్బాక్సిల్ సమూహం బావి నీటిలో తన హైడ్రోజన్ అయానును వదలి ఋణావేశాన్ని పొందుతుంది. ఋణావేశం గల తలం ఋణావేశం గల ఫ్లోరైడును దూరంగా నెడుతుంది. సీసం, కాడ్మియం వంటి ధన అయానులకు ఇదే పదార్థం ఎంతో అనుకూలం. కనుక ‘సవరించిన కర్బనం’ అన్న మాటకు ఏ కాలుష్యం కొరకు సవరించినది అన్న వివరం తోడు లేకపోతే అర్థం లేదు.

విశ్లేషణ పద్ధతులు

బోమ్ అంశమాపనం. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హన్స్-పీటర్ బోమ్ రూపొందించిన ఈ పద్ధతికి బ్యూరెట్, పిపెట్, కోనికల్ ఫ్లాస్కు చాలు. వేర్వేరు బలాలు గల క్షారాలు వేర్వేరు ఆమ్ల సమూహాలను తటస్థీకరిస్తాయన్నది దీని సూత్రం. సోడియం బైకార్బొనేట్ కార్బాక్సిల్ సమూహాలను మాత్రమే, సోడియం కార్బొనేట్ కార్బాక్సిల్, లాక్టోన్ సమూహాలను, సోడియం హైడ్రాక్సైడ్ ఈ రెండింటితో పాటు ఫినాల్ సమూహాలను కూడా తటస్థీకరిస్తాయి. కర్బన పొడిని ఈ మూడు ద్రావణాలలో విడివిడిగా ఒక రోజు కదిలించి, వడకట్టి, మిగిలిన క్షారాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కొలుస్తారు.

ఊహాత్మక ఉదాహరణ: ఒక గ్రాము పదార్థం బైకార్బొనేట్‌ను 0.40, కార్బొనేట్‌ను 0.55, హైడ్రాక్సైడ్‌ను 0.85 మిల్లీ ఈక్వివలెంట్లు ఖర్చు చేసినదనుకొంటే, కార్బాక్సిల్ 0.40, లాక్టోన్ 0.15, ఫినాల్ 0.30 అని తీసివేతల ద్వారా వస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ క్షార ద్రావణాలలో కరిగి లెక్కను తప్పిస్తుంది కనుక దానిని నత్రజని వాయువుతో గాని, మరిగించి గాని వెళ్ళగొట్టాలి. నత్రికామ్లంతో చర్య జరిపిన పొడిని కడుగు నీరు తటస్థమయ్యే వరకు కడగకపోతే, మిగిలిన ఆమ్లమే కార్బాక్సిల్‌గా లెక్కలోకి వస్తుంది. ఈ కొలతను అల్యూమినా పూయక ముందే చేయాలి. అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఆమ్లంలోను, గాఢ క్షారంలోను కూడా కరిగే ద్విస్వభావి. పూత పూసిన తర్వాత చేసిన బోమ్ అంశమాపనం కర్బనం గురించి ఏమీ చెప్పదు.

శూన్య ఆవేశ బిందువు. ఏ పి.హెచ్. వద్ద తలంపై నికర ఆవేశం సున్న అవుతుందో ఆ విలువను శూన్య ఆవేశ బిందువు అంటారు. నీటి పి.హెచ్. అంతకంటె తక్కువైతే తలం ధనావేశితం, ఎక్కువైతే ఋణావేశితం. దీనిని కొలవడం సులభం. సోడియం క్లోరైడు సజల ద్రావణాన్ని పి.హెచ్. 2 నుండి 12 వరకు వేర్వేరు విలువలకు సరిచేసి సీసాలలో పోసి, ప్రతి దానిలో సమానంగా కర్బనం వేసి, మూతపెట్టి 48 గంటలు కదిలించి, తుది పి.హెచ్. చూస్తారు. తొలి విలువ, తుది విలువ సమానమైన చోటే ఆ బిందువు. గట్టిగా ఆక్సీకరించిన నాళికలకు ఇది 2 నుండి 4 వరకు, అల్యూమినాకు సాధారణంగా 8 నుండి 9 వరకు ఉంటుంది. పి.హెచ్. 7.5 గల బావి నీటిలో మొదటిది ఫ్లోరైడును నెట్టివేసి, రెండవది ఆకర్షించడానికి కారణం ఈ రెండు అంకెలలోనే ఉన్నది. బోమ్ అంశమాపనం, ఈ పరీక్ష రెండూ డిగ్రీ కళాశాల ప్రయోగశాలలో చేయదగినవి. పెద్ద యంత్రాల ఫలితాలను నమ్మే ముందు ఈ రెండింటినీ చూడడం మంచిది.

పరారుణ వర్ణపటం. ప్రతి బంధం తనకు తగిన పరారుణ కిరణాలను గ్రహించి కంపిస్తుంది. కార్బాక్సిల్‌లోని కార్బొనిల్ సెంటీమీటరుకు 1,700 నుండి 1,740 తరంగ సంఖ్యల వద్ద, హైడ్రాక్సిల్ 3,400 ప్రాంతంలో, కర్బన-ఆక్సిజన్ ఏకబంధం 1,000 నుండి 1,250 మధ్య కనిపిస్తాయి. నల్లని కర్బనం కిరణాలను దాదాపు అంతా మింగివేస్తుంది కనుక అతి కొద్ది పొడిని పొటాషియం బ్రోమైడుతో కలిపి బిళ్ళగా నొక్కుతారు. ఆ లవణం తేమను పీల్చితే 3,400 వద్ద, 1,640 వద్ద నీటి గుర్తులే వస్తాయి. వాటిని చూసి హైడ్రాక్సిల్ సమూహాలు ఏర్పడినవని వ్రాయడం తరచుగా జరిగే పొరపాటు.

రామన్ వర్ణపటం. సర్ సి.వి.రామన్ 1928లో కనుగొన్న ఫలితంపై ఆధారపడిన ఈ పద్ధతిలో కర్బనానికి రెండు ముఖ్య శిఖరాలు కనిపిస్తాయి. 1,580 వద్ద ఉండే ‘జి’ శిఖరం క్రమమైన షడ్భుజి జాలకానిది. 1,350 వద్ద ఉండే ‘డి’ శిఖరం లోపాలది. ఆక్సీకరణం ముదిరితే ‘డి’ పెరుగుతుంది. అయితే ఏ సమూహం చేరినదో ఈ పద్ధతి చెప్పదు. జాలకం ఎంత దెబ్బతిన్నదో మాత్రమే చెబుతుంది. అల్యూమినా పూతకు ముందు, తర్వాత ఈ రెండు శిఖరాల నిష్పత్తి మారకుండా ఉంటే, పూత వలన కర్బన జాలకం చెడలేదని గ్రహించవచ్చు.

ఎక్స్-కిరణ కాంతి ఎలక్ట్రాన్ వర్ణపటమాపనం. దీనిని ఎక్స్.పి.ఎస్. అని పిలుస్తారు. ఉపరితల విశ్లేషణలో దీనిదే అగ్రస్థానం. దీనిని అభివృద్ధి చేసిన స్వీడన్ శాస్త్రవేత్త కాయ్ సీగ్బాన్‌కు 1981లో నోబెల్ బహుమతి లభించినది. తెలిసిన శక్తి గల ఎక్స్-కిరణాలతో (అల్యూమినియం లక్ష్యం నుండి వచ్చే వాటికి 1,486.6 ఎలక్ట్రాన్ వోల్టులు) పదార్థాన్ని కొట్టి, వెలువడిన ఎలక్ట్రాన్ల గతిజ శక్తిని కొలుస్తారు. ఈ రెండింటి భేదం నుండి, పరికరానికి సంబంధించిన చిన్న సవరణతో, ఎలక్ట్రాన్ బంధ శక్తి తెలుస్తుంది. ఆ విలువ పరమాణువు ఏ మూలకానిదో చెప్పడమే కాక, దాని పొరుగున ఏ పరమాణువు ఉన్నదో కూడా సూచిస్తుంది. గ్రాఫైటు తరహా కర్బనానికి 284.5 ప్రాంతంలోను, ఒక ఆక్సిజన్‌తో ఏకబంధం గల కర్బనానికి 286 దాటి, కార్బొనిల్‌కు 287 నుండి 288 వరకు, కార్బాక్సిల్‌కు 289 దగ్గర శిఖరాలు వస్తాయి.

ఫ్లోరైడును పట్టిన పదార్థాన్ని ఈ పద్ధతిలో పరీక్షిస్తే అసలు ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. లోహంతో అయాను రూపంలో ఉన్న ఫ్లోరిన్ 684 నుండి 687 ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య, కర్బనంతో సమయోజనీయ బంధంలో ఉన్న ఫ్లోరిన్ 688 నుండి 689 వద్ద కనిపిస్తాయి. బావి నీటి వంటి సాధారణ పరిస్థితులలో కర్బన-ఫ్లోరిన్ బంధం ఏర్పడదు. కనుక శిఖరం మొదటి స్థానంలో ఉంటే, ఫ్లోరైడును పట్టినది కర్బనం కాదు, దానిపైనున్న లోహ ఆక్సైడ్ అని తేలుతుంది. ఇక్కడ హైడ్రాక్సిల్ స్థానంలో ఫ్లోరైడు ప్రవేశించి, హైడ్రాక్సైడ్ అయాను నీటిలోకి వస్తుంది. శుద్ధి జరిగిన నీటి పి.హెచ్. కొద్దిగా పెరగడం దీనికి మరొక సాక్ష్యం.

ఈ పద్ధతికీ హద్దులు ఉన్నాయి. ఇది హైడ్రోజన్‌ను చూడలేదు. ఎలక్ట్రాన్లు సుమారు 10 నానోమీటర్ల లోతు వరకు నుండే బయటపడతాయి. కాని బహుపొర నాళిక గోడలో ఆ లోతులో అనేక పొరలు ఇమిడి ఉంటాయి కనుక బయటి పొరలోని సమూహాల శాతం తక్కువగా కనిపిస్తుంది. అల్యూమినాలోని ఆక్సిజన్ శిఖరం, కార్బొనిల్ ఆక్సిజన్ శిఖరం రెండూ 531 ప్రాంతంలోనే పడతాయి కనుక పూత పూసిన తర్వాత ఆక్సిజన్ శిఖరంతో కర్బన సమూహాలను లెక్కించరాదు. గాలిలో ఉన్న ఏ వస్తువుపైనైనా పలుచని కర్బన మలినం చేరుతుంది. ఇతర పదార్థాలకు ఆ మలినమే కొలబద్ద అవుతుంది; కర్బన పదార్థానికి మాత్రం అసలు, మలినం వేరుచేయడం కష్టం. పరీక్ష అత్యధిక శూన్యంలో జరుగుతుంది, అంటే నీటిలో పనిచేయవలసిన తలాన్ని పూర్తిగా ఎండబెట్టి చూస్తున్నామన్నమాట.

ఉష్ణ పద్ధతులు, ఇతరాలు. నమూనాను జడవాయువులో క్రమంగా వేడిచేస్తే కార్బాక్సిల్ సమూహాలు తక్కువ ఉష్ణోగ్రతలో (సుమారు 400 డిగ్రీల లోపు) కార్బన్ డయాక్సైడ్‌గా, ఫినాల్, కార్బొనిల్ సమూహాలు 600 డిగ్రీలు దాటిన తర్వాత కార్బన్ మోనాక్సైడ్‌గా విడిపోతాయి. గాలిలో కాల్చితే కర్బనం పోయి, పూత పూసిన ఆక్సైడ్, తయారీలో వాడిన ఇనుము, కోబాల్ట్, నికెల్ ఉత్ప్రేరకాల శేషం మిగులుతాయి. 1938లో బ్రునోవర్, ఎమ్మెట్, టెల్లర్ ప్రతిపాదించిన నత్రజని అధిశోషణ పద్ధతితో వైశాల్యం, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పూత సమంగా ఉన్నదా గుంపులుగా ఉన్నదా అన్నది తెలుస్తాయి.

ఆక్సీకరణ శకలాలు

2007లో సాల్జ్‌మన్, సహచరులు ఒక ముఖ్యమైన విషయాన్ని బయటపెట్టారు. నత్రికామ్లంతో చర్య జరిపిన నాళికలలో కార్బాక్సిల్ సమూహాలు అధిక భాగం నాళికలపై కాక, వాటి నుండి విరిగి, వాటికే అంటుకొని ఉన్న చిన్న కర్బన శకలాలపై ఉన్నాయి. సజల సోడియం హైడ్రాక్సైడ్‌తో కడిగితే ఆ శకలాలు ఊడిపోయినవి. గ్రాఫీన్ ఆక్సైడ్ విషయంలో కూడా ఇటువంటి శకలాలను 2011లో గుర్తించారు. నీటి శుద్ధికి ఇది చిన్న విషయం కాదు. శకలంపై నిలిచిన అల్యూమినా ఆ శకలంతోపాటే నీటిలో కొట్టుకొనిపోతుంది. పరారుణ వర్ణపటం, బోమ్ అంశమాపనం రెండూ శకలాన్ని, నాళికను వేరుచేయలేవు. క్షారంతో కడగక ముందు, కడిగిన తర్వాత రెండుసార్లు కొలిచిన విలువలు ఇవ్వని పత్రంలోని కార్బాక్సిల్ అంకెను జాగ్రత్తగా తీసుకోవాలి.

నీటిలో ఫ్లోరైడు కొలత

పదార్థపు తలాన్ని ఎంత శ్రద్ధగా విశ్లేషించినా, చివరకు నీటిలో మిగిలిన ఫ్లోరైడును సరిగా కొలవకపోతే అంతా వృథా. 1966లో ఫ్రాంట్, రాస్ అను శాస్త్రవేత్తలు లాంథనం ఫ్లోరైడు స్ఫటికంతో చేసిన అయాన్-వరణ ఎలక్ట్రోడ్‌ను ప్రకటించారు. ఇది స్వేచ్ఛగా ఉన్న ఫ్లోరైడు అయానును మాత్రమే గుర్తిస్తుంది. అల్యూమినియంతో కట్టుబడి సంశ్లిష్ట అయానుగా మారిన ఫ్లోరైడు దానికి కనిపించదు.

అల్యూమినా పూసిన కర్బనం నుండి, ముఖ్యంగా నీరు ఆమ్లంగా ఉన్నప్పుడు, కొంత అల్యూమినియం నీటిలోకి కారుతుంది. అది ఫ్లోరైడును తనలో దాచుకొంటుంది. ఎలక్ట్రోడ్ తక్కువ అంకె చూపుతుంది, ప్రయోగశాలలో సంతోషం కలుగుతుంది, త్రాగేవారి శరీరంలోకి ఫ్లోరైడు, అల్యూమినియం రెండూ వెళతాయి. దీనిని నివారించడానికి కొలతకు ముందు అల్యూమినియంను విడదీసి పట్టుకొనే సంశ్లిష్ట కారకం గల బఫరును కలిపి, పి.హెచ్.ను 5 నుండి 5.5 మధ్య ఉంచుతారు. దానితోపాటు నీటిలోని అల్యూమినియంను వేరుగా కొలవాలి. భారతీయ ప్రమాణం ప్రకారం అల్యూమినియం అంగీకార హద్దు లీటరుకు 0.03 మి.గ్రా., వేరే వనరు లేనప్పుడు 0.2 మి.గ్రా.

అనేక పత్రాలలో పరీక్షను స్వేదన జలంలో సోడియం ఫ్లోరైడును కరిగించి చేస్తారు. నల్గొండ ప్రాంతపు బోరు నీరు అటువంటిది కాదు. అందులో బైకార్బొనేట్ దండిగా ఉంటుంది. బైకార్బొనేట్ నీటి పి.హెచ్.ను పెంచి తలంపై ధనావేశాన్ని తగ్గిస్తుంది. ఫ్లోరైడు చేరవలసిన స్థానాలకు తానూ పోటీపడుతుంది. సిలికేట్, ఫాస్ఫేట్ కూడా ఇట్లే అడ్డుపడతాయి. కనుక స్వేదన జలంలో వచ్చిన సామర్థ్యం ఊరి బోరు నీటిలో సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. వాడిన పదార్థాన్ని బయటకు తీసి మళ్ళీ ఎక్స్.పి.ఎస్., శూన్య ఆవేశ బిందువు పరీక్షలు చేస్తే తలం ఏ అయానులతో నిండినదో, పునరుద్ధరణకు క్షారం చాలునా, తిరిగి పటిక కావలెనా అన్నది నిర్ణయించవచ్చు.

భద్రత

పొడవైన, బిరుసైన బహుపొర నానోనాళికలు ఎలుకల పొట్ట లోపలి పొరలో ఆస్బెస్టాస్ వంటి వాపును కలిగించినట్లు 2008లో పోలండ్, సహచరులు ప్రకటించారు. 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒక రకం బహుపొర నాళికలను (ఎం.డబ్ల్యు.సి.ఎన్.టి.-7) మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం గల 2-బి వర్గంలో చేర్చినది. ఈ ఆందోళన ముఖ్యంగా పొడిని పీల్చుకోవడం గురించినది. పొడిగా ఉన్న నాళికలను తెరచిన బల్లపై తూచరాదు. త్రాగునీటి వడపోతలో వీటిని విడిపొడిగా వాడరాదు. గుళికలుగా గాని, పింగాణీ లేదా ఇతర ఆధారంపై బిగించి గాని వాడి, బయటకు వచ్చే నీటిలో కర్బన కణాలు లేవని నిర్ధారించుకోవాలి.

ప్రస్తుత ఉపయోగం

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం నదీజలాలను శుద్ధిచేసి గొట్టాల ద్వారా తెలంగాణ గ్రామాలకు చేర్చినది. ఫ్లోరైడు పీడిత ప్రాంతాలకు బోరు నీటిపై ఆధారపడే అవసరం దీనితో చాలా తగ్గినది. నదీజలం చేరే చోట ఏ అధిశోషకమూ దానికి సాటిరాదు. సరఫరా నిలిచిన రోజులలో, పొలాల వద్ద, బోరు నీటినే త్రాగే ఆవాసాలలో ఇంటి స్థాయి వడపోతల అవసరం మిగిలి ఉన్నది. నానోనాళికల ధర, వాడిన పదార్థాన్ని పారవేసే చిక్కు దృష్ట్యా ఇటువంటి వడపోతలకు ఊక, కొబ్బరి చిప్ప వంటి వాటి నుండి చేసిన చవక కర్బనాలపై లోహ ఆక్సైడ్ పూతలు వేయడమే ఆచరణకు దగ్గరి మార్గం. వాటి తలాన్ని పరీక్షించుటకు కూడా పైన వివరించిన పద్ధతులే వర్తిస్తాయి.